లంక గట్ల మీద మౌంటెన్ బైకు: ఒక అక్క, ఒక తమ్ముడు, పద్దెనిమిది వేలు

మా సైకిలు మరమ్మతు కొట్టు కోనసీమలోని రాజోలులో. పక్క కొట్టు కొబ్బరికాయల వ్యాపారిది కాబట్టి కాటా ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. గేర్ల సైకిలు కొంటామని ఎవరైనా సలహాకు వస్తే, ధర అడగకముందే బండిని ఆ కాటా మీదికి ఎక్కించడం నాకు అలవాటు. 2024 మే నెలాఖరులో ఒక అక్కా తమ్ముడూ వచ్చిన రోజున సగం నిర్ణయం ఆ కాటా మీదే జరిగిపోయింది. మిగతా సగానికి ఏడాదిన్నర పట్టింది. మధ్యలో నేను రెండు తప్పులు చేశాను, వాటినీ దాచకుండా రాస్తున్నాను.

అక్క గ్రామ వ్యవసాయ సహాయకురాలు. పంట కాలంలో ఈ-క్రాప్ నమోదు కోసం, అంటే ఏ చేలో ఏ పంట వేశారో ఎక్కించడానికి, ప్రతి చేనుకూ స్వయంగా వెళ్లాలి. ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు తారు రోడ్డు, ఐదు కిలోమీటర్లు కాలువ గట్టు, అక్కడ నాటు పడవలో గోదావరి పాయ దాటితే లంకలో, అంటే నది మధ్య దిబ్బ మీద, ఇసుక బాటలూ చేల గట్లూ కలిపి మరో రెండు. రానుపోను ఇరవై రెండు. ఇంట్లో స్కూటరు ఉంది. కానీ వానాకాలంలో గట్టు మీద అది జారుతుంది, పడవలోకి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు, రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్తాడు. సెలవుల్లో స్నేహితులతో మారేడుమిల్లి కొండలకు వెళ్లాలని అతని కోరిక. ఇద్దరికీ కలిపి ఒకే సైకిలు, సామాన్లతో సహా పద్దెనిమిది వేలు. వారంలో నాలుగు రోజులు అక్కది, మిగతా రోజులు తమ్ముడిది అని ఇంట్లోనే ఒప్పందం చేసుకుని వచ్చారు.

తమ్ముడి ఫోనులో అప్పటికే ఒక ఫోటో ఉంది. ముందూ వెనుకా షాకులు, లావు చట్రం, ఎర్ర రిమ్ములు, 21 గేర్లు, పదిహేడున్నర వేలు. సరిగ్గా అలాంటి బండే మా ఊళ్లో ఒక కుర్రాడి దగ్గర ఉంటే పిలిపించి కాటా ఎక్కించాను. పంతొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు. నా నల్ల సైకిలు, రాడ్డు బ్రేకుల పాతకాలపు బండి, ఇరవై ఒకటి తూగుతుంది. అంటే కొండలెక్కడానికి చేశామని చెప్పుకునే బండి, పాల క్యాన్లు మోసే బండి కన్నా కిలోన్నర కూడా తేలిక కాదు.

"దీన్ని పడవలోకి ఎత్తమ్మా" అని మా కొట్టు అరుగు చూపించాను. అరుగు ఎత్తు, పడవ అంచు ఎత్తు ఇంచుమించు ఒకటే. ముందు చక్రం ఎక్కించగలిగింది కానీ వెనుక చక్రం లేవలేదు. "రోజుకు రెండుసార్లు, అదీ బురద పట్టిన బండిని" అన్నాను. తమ్ముడు ఇంకా ఫోటో వైపే చూస్తున్నాడు.

అతనికి ఒక సంగతి చెప్పాను. కాలిఫోర్నియాలో మెరిన్ కౌంటీ అనే చోట 1976లో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ మీది నుంచి దిగే పందేలు మొదలుపెట్టారు. ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. ఎందుకంటే ఆ బండ్లకు వెనుక చక్రం నడిమధ్య ఉండే హబ్బులోనే బ్రేకు ఉండేది. కిందికి దిగేసరికి లోపలి గ్రీజు వేడికి పొగలై పోయేది, ప్రతి పరుగుకూ హబ్బు విప్పి మళ్లీ గ్రీజు నింపుకోవలసి వచ్చేది. మౌంటెన్ బైకు అనేది అక్కడి నుంచి పుట్టింది. దానికి ముందు షాకు బజారులోకి వచ్చింది 1989లో. మధ్యలోని ఆ పదమూడేళ్లూ వాళ్లు షాకులు లేకుండానే కొండలు దిగారు. ఇది చెబితే కుర్రాళ్లు షాకుల మీద మోజు వదులుకుంటారని నా ఆశ. ఒక్కరూ వదులుకోలేదు. గ్రీజు నింపడం మీద ఒక ఆటకు పేరు పెట్టారన్నది మాత్రం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

చవక బండ్లలో వెనుక షాకు అంటే ఉట్టి స్ప్రింగు. మంచి షాకులో స్ప్రింగుతో పాటు దాని ఊపును ఆపే నూనె ఉంటుంది. ఇందులో అది ఉండదు. పెడలు తొక్కిన ప్రతిసారీ బండి కూర్చుని లేస్తుంది, మన కాలి బలంలో కొంత ఆ స్ప్రింగుకు జీతం. చట్రం మడత పడే చోట ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి, వాటిలోకి లంక ఇసుక చేరితే ఒక్క వానాకాలంలో వదులై కిర్రుమంటాయి. అన్నిటికీ మించి, క్యారియర్ బిగించుకునే కన్నాలు ఆ చట్రానికి ఉండవు. అక్క తన మట్టి నమూనాల సంచీ ఎక్కడ పెడుతుంది?

వెనుక షాకు వద్దని ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పుడు నిజమైన పోటీ రెండు బండ్ల మధ్యకు వచ్చింది.

మొదటిది కొత్తది. అల్యూమినియం చట్రం, 27.5 అంగుళాల చక్రాలు, తీగతో పనిచేసే డిస్కు బ్రేకులు, ముందు స్ప్రింగు షాకు, 21 గేర్లు, పదహారున్నర వేలు. తూకం 15.8 కిలోలు. రెండోది రాజమహేంద్రవరంలో ఒకాయన ఇంటి మేడ మెట్ల కింద ఏడేళ్లుగా పడి ఉన్న 26 అంగుళాల బండి. చట్రం 6061 రకం అల్యూమినియం, వెనుక పళ్ల చక్రాలు ఎనిమిది, ముందు మూడు, రిమ్మును పట్టే వీ-బ్రేకులు. ముందు షాకు తుప్పుతో బిగుసుకుపోయింది. టైర్లు పెళుసెక్కి పగిలాయి. ఆరున్నర వేలకు ఇస్తానన్నారు.

ఎవరు చూసినా కొత్తదే కొంటారు. నేను పాతది కొనమన్నాను. కారణం కొట్టు మూల అటక మీద ఉన్న బిస్కెట్ డబ్బాలో ఉంది. డబ్బా దింపి బల్ల మీద కుమ్మరించాను. విరిగినవీ వంగినవీ కలిపి నలభై దాకా వెనుక చక్రం ఇరుసులు.

గేర్ల సైకిలు వెనుక చక్రంలో రెండు పద్ధతులు ఉన్నాయి. చవక బండ్లలో, ఆ కొత్తదానిలోనూ, పళ్ల చక్రాల గుత్తి మొత్తం, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే లోపలి ఫ్రీవీలుతో సహా, హబ్బు మీద మరలతో బిగుస్తుంది. పళ్ల చక్రాలు ఏడింటికి చోటివ్వాలి కాబట్టి కుడివైపు బేరింగు బాగా లోపలికి జరగాలి. అక్కడి నుంచి చట్రం దాకా ఇరుసు ఆధారం లేకుండా వేలాడుతుంది. క్యారియర్ మీద బరువు, కింద గుంత, మధ్యలో ఆధారం లేని పది మిల్లీమీటర్ల ఇనుము. ముందు వంగుతుంది, చక్రం ఊగుతుంది, తరువాత పుటుక్కున విరుగుతుంది. రెండోది, ఆ పాత బండిలో ఉన్నది, క్యాసెట్. ఈ పద్ధతిలో ఫ్రీవీలు పని చేసే భాగం హబ్బులోనే ఉంటుంది, కుడివైపు బేరింగు దాని చివరిదాకా వస్తుంది. ఇరుసుకు దాదాపు అంచున ఆధారం దొరుకుతుంది. నా డబ్బాలో ఉన్న ఇరుసుల్లో క్యాసెట్ హబ్బువి రెండంటే రెండే. ఆ రెండూ అరటి గెలలు మోసినవి.

కొట్లో నిలబడి ఈ తేడా పట్టుకోవడం తేలిక. చక్రం పక్కన కూర్చుని చిన్న పళ్ల చక్రం మధ్యలో పానా పెట్టే గాడి చూడాలి. పళ్లను వెనక్కి తిప్పితే గాడి కూడా వాటితో తిరిగిందా, క్యాసెట్. గాడి కదలకుండా ఉండి పళ్లు మాత్రమే తిరిగాయా, ఫ్రీవీలు. ధరపట్టీలో ఈ మాట రాయరు. గేర్ల సంఖ్య మాత్రం స్టిక్కరు మీద పెద్ద అంకెల్లో ఉంటుంది.

గేర్ల సంఖ్య గురించి కూడా ఒక లెక్క. కొత్త బండికి ముందు చిన్న పళ్ల చక్రం 24 పళ్లు, వెనుక పెద్దది 28. పాతదానికి ముందు 22, వెనుక 32. పెడలు ఒక చుట్టు తిప్పితే పాత బండి అతి తేలిక గేరులో ఒక మీటరు 40 సెంటీమీటర్లు పోతుంది. కొత్తది దాదాపు మీటరు 80. నా నల్ల సైకిలు అయిదున్నర మీటర్లు. చుట్టుకు పోయే దూరం ఎంత తక్కువైతే ఎక్కుడులో మోకాలికి అంత సుఖం. మా ప్రాంతంలో కొండ అంటే చించినాడ వంతెన ఎక్కుడే, దానికి ఏ గేరైనా చాలు. కానీ లంకలో ఎండిన ఇసుక కొండకన్నా మొండిది, అక్కడ ఈ తేడా కాళ్లకు తెలుస్తుంది. మారేడుమిల్లి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక కొలతలు. తక్కువ ధర బండ్లతో వచ్చే పెద్ద చిక్కు, చాలా మోడళ్లు ఒకే చట్రం కొలతలో వస్తాయి. ఆ కొత్త బండి 18 అంగుళాల చట్రం. దాని అడ్డ గొట్టం ఎత్తు 76 సెంటీమీటర్లు. అక్క ఎత్తు 157, కాలి లోపలి కొలత 72. చెప్పులతో నిలబడినా గొట్టం తగులుతుంది. చేల గట్టు మీద ఆగినప్పుడు ఒక కాలు గట్టు మీద, ఇంకోటి గాల్లో ఉండే మనిషికి అది ప్రమాదం. పాత బండి 16 అంగుళాలది, గొట్టం ఎత్తు 69. ఆమెకు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది.

తమ్ముడి ఎత్తు 173, కాలి కొలత 81. చిన్న చట్రం మీద పొడుగు మనిషి సీటు పైకి లేపుకుని కూర్చోవచ్చు, పెద్ద చట్రం మీద పొట్టి మనిషి ఏమీ చేయలేడు. ఇద్దరు పంచుకునే బండికి పొట్టివారి కొలతే కొలత. క్రాంకు (పెడళ్లు బిగించే కడ్డీ) ఇరుసు మధ్య నుంచి సీటు పై దాకా ఉండవలసిన ఎత్తుకు వాడుకలో ఉన్న లెక్క, కాలి లోపలి కొలతను 0.883తో గుణించడం. అక్కకు 63.5, తమ్ముడికి 71.5. ఎనిమిది సెంటీమీటర్ల తేడా. బండితో వచ్చిన సీటు గొట్టం 35 సెంటీమీటర్లది. తమ్ముడి ఎత్తుకు లేపితే, ఇంతకన్నా పైకి లాగవద్దని చెక్కిన గీత సరిగ్గా చట్రం అంచుకు వచ్చింది. దాన్ని నమ్మి కొండకు పంపలేను. 40 సెంటీమీటర్లది వేశాను. పానా అక్కరలేకుండా చేత్తో బిగించే క్లాంపు పెట్టి, గొట్టం మీద రంపపు ముక్కతో రెండు గీతలు గీశాను. కింది గీత తమ్ముడిది, పై గీత అక్కది. "అక్కది పైనెందుకు?" అని తమ్ముడు అడిగాడు. సీటు దించితే చట్రం అంచు పై గీత దగ్గరికి వస్తుందని చూపించాక గానీ నమ్మలేదు.

ఇక్కడ నా మొదటి తప్పు. బిగుసుకుపోయిన ముందు షాకు తీసేసి, షాకు లేని ఇనుప ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్ల గొట్టం) వేయాలని నిర్ణయించాను. ఆ ధరలో వచ్చే స్ప్రింగు షాకు రెండున్నర కిలోలు ఉంటుంది. దాని రబ్బరు సీళ్లు ఉప్పు గాలినీ రొయ్యల చెరువుల గట్ల మీది తడినీ ఆపలేవు. గొట్టాల మీది పూత లేచి తుప్పు పడుతుంది. ఒక వర్షాకాలం గడిచాక అది షాకు కాదు, బరువైన మామూలు ఫోర్కు. ఆ డబ్బూ బరువూ మిగిల్చాలన్నది నా వాదన. వాదన సరైనదే. తప్పు కొలతలో జరిగింది.

కొట్లో ఉన్న ఫోర్కు తీసి బిగించేశాను. చక్రం ఇరుసు నుంచి తలకాయ దాకా అది 39.5 సెంటీమీటర్లు. తీసేసిన షాకు 45. మనిషి కూర్చుంటే షాకు రెండు సెంటీమీటర్లు దిగుతుంది, అంటే చట్రం చేసినవాళ్లు లెక్కలో పెట్టుకున్నది 43. ముందు భాగం మూడున్నర సెంటీమీటర్లు కుంగింది. రెండు సెంటీమీటర్లకు హ్యాండిల్ గొట్టం వాలు సుమారు ఒక డిగ్రీ మారుతుంది. అక్క కొట్టు ముందు ఒక చుట్టు తొక్కి దిగి, "బాబాయ్ గారూ, ఇది మేకపిల్లలా పక్కకు లాగుతోంది" అంది. సరిగ్గా చెప్పింది. పైగా క్రాంకు కిందికి దిగి పెడళ్లు గట్టును గీరుకుంటాయి. ఆ ఫోర్కు డబ్బు నేనే భరించి, 43 సెంటీమీటర్లది తెప్పించాను. దానికి డిస్కు బ్రేకు బిగించుకునే చెవులు కూడా ఉన్నాయి. అప్పటికి అవి అక్కరలేదు.

హబ్బులు రెండూ విప్పాను. వెనుక చక్రంలో పక్కకు తొమ్మిదేసి బేరింగు గోళీలు, పావు అంగుళంవి, ముందు చక్రంలో పక్కకు పది, అవి మూడు బై పదహారు అంగుళం. పాత గ్రీజు బెల్లంలా గట్టిపడి ఉంది. గోళీలు తిరిగే కప్పులు మాత్రం అద్దంలా ఉన్నాయి. బండి ఏడేళ్లు తిరగకపోవడమే దానికి జరిగిన మేలు. కొత్త గోళీలు వేసి, రేవులో పడవ ఇంజన్లకు వాడే, నీటికి కరగని గ్రీజు నింపాను. సీటు గొట్టానికీ అదే గ్రీజు పూశాను. అల్యూమినియం చట్రంలో గొట్టాన్ని పొడిగా వదిలేస్తే మా ఉప్పు గాలికి రెండేళ్లలో అది చట్రంతో ఏకమైపోతుంది. రంపంతో కోసి తీసిన గొట్టాలు కూడా నా దగ్గర ఉన్నాయి, వాటికి వేరే డబ్బా.

ఖర్చు లెక్క ఇది. బండి 6,500. ఫోర్కు 1,900. టైర్లు, ట్యూబులు 1,940. చైను, తీగలు, బ్రేకు రబ్బర్లు, గోళీలు, గ్రీజు కలిపి 1,340. సీటు గొట్టం 550. క్యారియర్, మడ్‌గార్డులు 1,100. లైట్లు, పంపు, తాళం 1,200. నా కూలి 1,200. మొత్తం 15,730. చేతిలో 2,270 మిగిలింది, దాన్ని ఇంట్లో వేరే డబ్బాలో దాచమన్నాను, సైకిలు కోసమే. పాత బండి కొన్నవారికి మొదటి ఏడాది ఆ డబ్బా తప్పదు. తూకం క్యారియర్‌తో సహా 14.6 కిలోలు. అరుగు మీదికి అక్క ఒక్కసారిలో ఎత్తింది.

కొత్త సైకిళ్ల మీద జీఎస్టీ అప్పట్లో 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం చేశారు. ఆ లెక్కన పదహారున్నర వేల బండి వెయ్యి రూపాయల దాకా తగ్గుతుంది. ఇప్పుడైతే కొత్తదే చెప్పేవారా అని తమ్ముడు ఈ మధ్య అడిగాడు. పన్ను తగ్గింది కానీ ఇరుసు మారలేదు, చట్రం కొలత మారలేదు. ఆ వెయ్యితో ఈ రెండూ రావు. ఇద్దరూ పొడుగువాళ్లై, పడవ లేకుండా, పాత బండి విప్పి చూసే మేస్త్రీ అందుబాటులో లేకపోతే మాత్రం కొత్తదే కొనమంటాను. మెట్ల కింద బండి అందరికీ దొరకదు. దొరికినా కప్పులు గుంతలు పడి ఉంటే అది చవక కాదు.

జూన్ పదిహేను దాటాక వానలు పడ్డాయి, నా రెండో తప్పు బయటపడింది. పూర్తి పొడవు మడ్‌గార్డులు వేశాను, అక్క బట్టల మీద బురద పడకూడదని. టైరుకూ గార్డుకూ మధ్య వేలెడు సందు. కాలువ గట్టు మీది బంకమట్టి సంగతి పుట్టిన దగ్గర నుంచి తెలిసిన వాడిని, అయినా మరిచాను. పూడిక తీసి గట్టు మీద వేసిన ఒండ్రు తడిస్తే గడ్డితో కలిసి దిమ్మిసలా గట్టిపడుతుంది. అది గార్డులో చేరి చక్రం తిరగనివ్వలేదు. అక్క ఆ రోజు రెండు కిలోమీటర్లు బండిని తోసుకుంటూ వచ్చింది, పుల్లతో మట్టి తీసుకుంటూ. మర్నాడు కొట్టు తెరవకముందే అరుగు మీద కూర్చుని ఉంది. ఏమీ అనలేదు, చక్రం చూపించింది.

ముందు గార్డు తీసేసి, చట్రం గొట్టానికి పట్టీతో బిగించే పొట్టి గార్డు వేశాను, టైరుకు జానెడు ఎత్తున. వెనుక గార్డును మూడు వేళ్ల సందుకు లేపాను. కింద నుంచి కొంత బురద చిమ్ముతుంది, కానీ చక్రం ఆగదు. 27.5 బండికి చట్రంలోనే సందు తక్కువ, అందులో ఈ సర్దుబాటు కుదిరేది కాదు. ఇది ముందే ఆలోచించి చెప్పి ఉంటే నా తెలివి అనేవాడిని. తరువాత తెలిసింది కాబట్టి అదృష్టం అంటున్నాను.

మొదటి రెండు నెలల్లో తొమ్మిది పంక్చర్లు. అన్నీ సర్కారు తుమ్మ ముళ్లే. చెరువుల చుట్టూ కంచెకు ఆ కంపే వేస్తారు, ఎండి గట్టు మీద రాలుతుంది. ముళ్లను తట్టుకునే ఖరీదైన టైర్లు ఉన్నాయి, వాటి ధరకు ఈ డబ్బు చాలదు. అరిగిన సన్న టైరు ఒకటి తీసుకుని, అంచు తీగలు కోసేసి, మిగిలిన పట్టీని ట్యూబుకూ టైరుకూ మధ్య పరిచాను. చక్రానికి రెండు వందల గ్రాముల బరువు పెరిగింది. ఆ తరువాత నేటి వరకు నాలుగు పంక్చర్లు. గాలి విషయంలో కొలత పంపుతో అక్కకు ముందు 28, వెనుక 34 పౌండ్లు (పీఎస్ఐ) అని చెప్పాను, తమ్ముడికి 32, 40. తమ్ముడు కొలత చూసుకుంటాడు. అక్క బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఒకరోజు ఆమె నొక్కిన టైరును పంపు పెట్టి చూస్తే 29 ఉంది.

2024 జూలై చివర్లో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే లంకల కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది. బండి పది రోజులు ఇంట్లోనే ఉంది. నీరు తీశాక అక్క పంట నష్టం వివరాల కోసం లంకలో రోజూ తిరగవలసి వచ్చింది. మడమ లోతు మెత్తటి ఒండ్రులో తొక్కడం ఎవరి వల్లా కాదు. తోయడమే. తోసేవాళ్లకు తేలిక బండి కావాలని ఏ ప్రకటనలోనూ ఉండదు. ఆ పని ముగిశాక హబ్బులు విప్పాను. ముందు దానిలో గ్రీజు మామూలుగానే ఉంది. వెనుక ఎడమ కప్పులో బూడిద రంగు తిరిగింది. తుడిచి మళ్లీ నింపాను. మెరిన్ కౌంటీ కుర్రాళ్లు గుర్తొచ్చారు.

డిసెంబరులో తమ్ముడి వంతు. గోకవరం దాకా ట్రాలీ ఆటోలో సైకిళ్లు వేసుకుని, అక్కడి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, మర్నాడు చింతూరు వైపు ఘాటు కొంత దూరం. నలుగురిలో ఇద్దరివి కొత్త 21 గేర్ల బండ్లు. ఎక్కుడులో వాళ్లు దిగి నడిచిన మలుపుల్లో ఇతను తొక్కుకుంటూ పోయాడు. దాన్ని వచ్చినప్పటి నుంచి ఇప్పటికి ఆరుసార్లు చెప్పాడు. దిగేటప్పటి కథ ఒక్కసారే చెప్పాడు. తారు లేచిన చోట షాకు లేని ఫోర్కు చేతులను దంచేసింది, వేళ్లు మొద్దుబారి బ్రేకు పిడి సరిగా పట్టలేకపోయాడు. షాకులున్న స్నేహితులు హాయిగా దిగారు. నా నిర్ణయం అక్కకు పూర్తిగా సరిపోయింది, తమ్ముడికి సగమే. హ్యాండిల్ పట్టుకునే చోట మెత్తటి రబ్బరు తొడుగులు వేశాను, ఘాటుకు వెళ్లేటప్పుడు ముందు టైరులో గాలి 26కు దించమన్నాను. కొంత మేలు. ఏడాదికి రెండు రోజుల కొండ కోసం మిగతా రోజులన్నీ రెండున్నర కిలోల షాకును పడవలోకి ఎత్తాలా అన్నది వాళ్లింట్లో తేలవలసిన విషయం.

ఇప్పటికి ఐదు వేల కిలోమీటర్ల పైన తిరిగింది. చైను రెండుసార్లు మార్చాను. దానికి గేజీ లేకపోయినా ఫర్వాలేదు, ఇనుప స్కేలు చాలు. కొత్త చైనులో ఇరవై నాలుగు లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు. పదహారో వంతు అంగుళం సాగిందంటే మార్చాలి. అక్కడ బద్ధకిస్తే సాగిన చైను పళ్లను తినేస్తుంది, ఆరు వందల యాభైతో పోయేది రెండున్నర వేలవుతుంది. బ్రేకు తీగలు ఒకసారి తుప్పు పట్టి మార్చాను. ఇరుసు వంగలేదు. సీటు గొట్టం బిగుసుకోలేదు. ఇద్దరూ రోజు మార్చి రోజు లేపి దించుతుంటే బిగుసుకోవడానికి దానికి తీరిక ఏది?

అరిగింది రిమ్ము. వీ-బ్రేకుల రబ్బరు రిమ్ము పక్కలను పట్టి ఆపుతుంది. రబ్బరు మీద లంక ఇసుక అంటుకుంటే అది ఆకురాయి. మొన్న అక్టోబరులో స్కేలు అంచు రిమ్ము పక్కన ఆనించి చూస్తే మధ్యలో గుంత, అందులో గోరు దూరింది. వెనుకది ఇంకొన్నాళ్లు నడుస్తుంది. ముందుది ఇక నమ్మకూడదు. గాలి ఒత్తిడికి రిమ్ము పక్క చీలితే చక్రం అక్కడే బిగుసుకుంటుంది. డిస్కు బ్రేకుల గొప్ప ఇక్కడ తెలుస్తుంది. అవి రిమ్మును ముట్టుకోవు. కొత్త బండికి ఉన్నదీ, మా పాతదానికి లేనిదీ అదే. ఆ రోజు నేను దాన్ని తక్కువగా లెక్కగట్టాను.

వెనుక చట్రానికి డిస్కు చెవులు లేవు. ముందు ఫోర్కుకు మాత్రం, నా మొదటి తప్పు పుణ్యమా అని, ఉన్నాయి. డిస్కు హబ్బు, 32 కన్నాల రిమ్ము, పుల్లలు (స్పోకులు), తీగతో పనిచేసే బ్రేకు కలిపి మూడు వేల రెండు వందలు అవుతుందని చెప్పాను. ఇంట్లో డబ్బాలో ఎంత ఉందో అక్క వేళ్ల మీద లెక్క వేసుకుంది. "పన్నెండు వందలు తక్కువ. కొండకు వెళ్లేవాడిని అడిగి ఇస్తాను" అని ముందు చక్రం ఊడదీయించి కొట్లోనే వదిలి, ఆ రోజుకు నా నల్ల సైకిలు తీసుకుని వెళ్లింది. సాయంత్రం తిరిగి ఇస్తూ పడవవాడు అదనంగా పది రూపాయలు తీసుకున్నాడని చెప్పింది. పుల్లలు కట్టడం అయింది, చక్రం బెండు తీయడం రేపు.